ఉత్సవాల్లో ఒత్తు ఎందుకు జారింది?

గండికోట ఉత్సవాలు దగ్గరపడగానే ఫోన్లలో పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. ఎర్రటి కొండల నడుమ పెన్న, పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక, కింద ఏ ఊరి నుంచి ఎలా రావాలో వివరం. ఊరికొక పోస్టరు చొప్పున చేత్తో చేయాలంటే విసుగు. అందుకే కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు ఇమేజ్‌మ్యాజిక్ లాంటి ఉచిత ప్రోగ్రాముకు ఊళ్ల జాబితా ఇచ్చి, ఒక్క ఆదేశంతో అన్ని పోస్టర్లూ తీయిస్తారు. అదే ఆదేశాన్ని రెండు లినక్స్ కంప్యూటర్ల మీద నడిపారనుకుందాం. ప్రోగ్రాము ఒకటే, దాని వెర్షన్ ఒకటే, ఫాంటూ ఒకటే. మొదటిదాంట్లో "గండికోట ఉత్సవాలు" అని చక్కగా వచ్చింది. రెండోదాంట్లో "గండికోట ఉత్‌సవాలు" అని వచ్చింది. కింద "జమ్‌మలమడుగు", "ప్‌రొద్‌దుటూరు" అని ఉంది. పులివెందులకు మాత్రం పెద్దగా ఏమీ కాలేదు.

గండికోట, పులివెందుల గట్టెక్కడానికి కారణం తెలిసిందే, వాటిలో ఒత్తులు లేవు. గుణింతాల అతుకులు కాస్త పక్కకు జరిగినా చదవడానికి అడ్డు రాదు. ఒత్తున్న చోటల్లా మాట ముక్కలైంది. మామూలుగా ఇలాంటప్పుడు ఫాంటును తిడతాం, లేదా "లినక్స్‌లో తెలుగు సరిగా రాదు" అనేస్తాం. రెండూ తప్పే. ఇక్కడ తేడా అంతా ఆ ప్రోగ్రామును ఎవరు, ఏయే దినుసులతో కట్టారన్న దాంట్లో ఉంది. తెర మీద తెలుగు నిలబడటానికి ఫాంటు ఎంత ముఖ్యమో ఈ కట్టుబడి కూడా అంతే ముఖ్యం. దాని గురించి తెలుగులో మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ.

ఒత్తుకు సొంత సంఖ్య లేదు

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 గళ్లు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు, పొల్లు అన్నీ వాటిలో ఉన్నాయి. ఒత్తులు మాత్రం లేవు. "ఉత్సవాలు" అని టైపు చేస్తే కంప్యూటర్ దాచుకునేది ఎనిమిది సంఖ్యలు: ఉ, త, పొల్లు, స, వ, ఆకారపు గుర్తు, ల, ఉకారపు గుర్తు. త తర్వాత పొల్లు, దాని వెంటనే స వస్తే స రూపం మార్చి త కింద పెట్టాలన్న తెలివి ఆ సంఖ్యల్లో లేదు.

ఆ తెలివి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. లైబ్రరీ అంటే ఎన్నో ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్. సంఖ్యల వరుసను హార్ఫ్‌బజ్ చదువుతుంది, ఫాంటు లోపలి పట్టికల్ని తిరగేస్తుంది, ఏ ఆకారాన్ని తీసుకుని ఎక్కడ పెట్టాలో తేలుస్తుంది. ఆ ఆకారాన్ని చుక్కలుగా తెర మీద గీసేది ఫ్రీటైప్ అనే ఇంకో లైబ్రరీ. ఇమేజ్‌మ్యాజిక్ నేరుగా హార్ఫ్‌బజ్‌తో మాట్లాడదు, మధ్యలో లిబ్‌రాక్మ్ అనే చిన్న లైబ్రరీ ఉంటుంది. అది లేకుండా కట్టిన ఇమేజ్‌మ్యాజిక్ సంఖ్యల్ని ఒక్కొక్కటిగా తీసి ఫ్రీటైప్‌కు అందిస్తుంది. ఫ్రీటైప్ తన పని తాను శుభ్రంగా చేస్తుంది: త గీస్తుంది, పొల్లు గీస్తుంది, స గీస్తుంది. ఇంగ్లీషుకు ఇంతవరకు చాలు కాబట్టి, కట్టినవారికి ఎక్కడా తప్పు కనబడదు.

అంగట్లో కొన్న నగ, చేయించుకున్న నగ

లినక్స్ లాంటి యూనిక్స్ తరహా వ్యవస్థల్లో రెండు భాగాలుంటాయి. మొదటిది వ్యవస్థ తనతో తెచ్చుకునేది. రెండోది బయటివాళ్లు రాసినది: బ్రౌజరు, ఇమేజ్‌మ్యాజిక్, తెలుగు ఫాంట్లు వగైరా. ఫ్రీబీఎస్‌డీ అనే వ్యవస్థలో ఈ గీత స్పష్టంగా కనిపిస్తుంది. బయటి సరుకంతా 'లోకల్' అనే ప్రత్యేక ఫోల్డర్ కిందికే వెళ్తుంది. డెబియన్ లాంటి లినక్స్‌లలో గీత అంత స్పష్టంగా ఉండదు, కానీ ప్రశ్న ఒకటే: ఎవరో ఎక్కడో రాసిన సోర్స్ కోడ్‌ను మన కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాముగా మార్చేదెవరు?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు తెలిసినవారికి దీన్ని చెప్పడం తేలిక. అంగట్లో అద్దాల వెనక ఉన్న నగను డబ్బిచ్చి తెచ్చుకోవచ్చు. లేదా ఆచారి దగ్గర కూర్చుని, రాళ్లు ఏవి, కొక్కెం ఏ రకం, ఎన్ని తులాలు అని చెప్పి చేయించుకోవచ్చు. మొదటిది సిద్ధంగా కట్టిన బైనరీ ప్యాకేజీ. డెబియన్‌లో ఆప్ట్, ఫ్రీబీఎస్‌డీలో పీకేజీ అనే పనిముట్లు దాన్ని రిపాజిటరీ అనే ఉమ్మడి గిడ్డంగి నుంచి దించి, అది ఆధారపడే లైబ్రరీలను కూడా వెంట తెచ్చి, నిమిషంలో అమరుస్తాయి. రెండోది సోర్స్ నుంచి కట్టుకోవడం. ఎక్కువమందికి మొదటిదే మేలు. అయితే సిద్ధంగా ఉన్న నగలో ఏ రాయి పొదగాలో ముందే ఇంకొకరు నిర్ణయించేశారు. లిబ్‌రాక్మ్ అనే రాయి అందులో ఉందో లేదో చూసుకోవలసింది మనమే.

చూసుకోవడం కష్టమేమీ కాదు. ఇమేజ్‌మ్యాజిక్‌ను వెర్షన్ చెప్పమని అడిగితే, అది ఏయే లైబ్రరీలతో కట్టబడిందో చివర్లో ఒక వరుసలో చూపిస్తుంది. అక్కడ రాక్మ్ అనే మాట ఉంటే ఒత్తులు కుదురుతాయి, లేకపోతే జారతాయి. మన పోస్టరు చిక్కుముడికి విడుపు ఆ వరుసలోనే ఉంది.

*పెట్టె: ఒక పోర్టులో ఏముంటుంది?*

*ఫ్రీబీఎస్‌డీలో సోర్స్ నుంచి కట్టే పద్ధతి పేరు పోర్ట్స్. జోర్డాన్ హబ్బర్డ్ 1994లో దానికి పునాది వేశారు. ఇప్పుడు 30 వేలకు పైగా ప్రోగ్రాములకు పోర్టులున్నాయి. 1997లో నెట్‌బీఎస్‌డీ వాళ్లు దీన్నే తీసుకుని పీకేజీసోర్స్‌గా పెంచారు, అది అనేక వ్యవస్థల మీద పనిచేస్తుంది.*

*పోర్టు తెరిచి చూస్తే ప్రోగ్రాము ఉండదు. నాలుగైదు చిన్న ఫైళ్లుంటాయి. మేక్‌ఫైల్‌లో అసలు సోర్స్ ఎక్కడ దొరుకుతుంది, ముందుగా ఏయే లైబ్రరీలు కావాలి, ఏయే ఐచ్ఛికాలున్నాయి అన్నది రాసి ఉంటుంది. డిస్ట్‌ఇన్ఫో అనే ఫైలులో సోర్స్ పొట్లం పరిమాణం, దాని నుంచి లెక్కగట్టిన ఒక పొడవాటి చెక్‌సమ్ ఉంటాయి. పొట్లంలో ఒక్క అక్షరం మారినా ఆ చెక్‌సమ్ మారిపోతుంది. ప్యాచ్ ఫైళ్లు అసలు కోడ్‌కు చేయాల్సిన చిన్న సవరణలు. ప్రోగ్రామును పరిచయం చేసే నాలుగు మాటలు ఇంకో ఫైలులో ఉంటాయి. మేక్ ఇన్‌స్టాల్ అనగానే పని వరుసగా నడుస్తుంది: దించడం, చెక్‌సమ్ సరిచూడటం, విప్పడం, సవరణలు అతికించడం, ఈ కంప్యూటర్‌కు తగ్గట్టు అమర్చడం, కంపైల్ చేయడం, ఒక విడి ఫోల్డర్‌లో ఉంచి చూడటం, చివరికి ప్రతిష్ఠించడం.*

ముందు ఏది కట్టాలి?

ఒక లైబ్రరీ కట్టాలంటే ఇంకోటి ముందే ఉండాలి, దానికి మరోటి. ఈ ఆధారాల గొలుసును డిపెండెన్సీలు అంటారు. ప్యాకేజీ పనిముట్లు దాన్ని చదివి, అట్టడుగున ఉన్నదాన్ని మొదట కట్టి, మెట్టు మెట్టుగా పైకి వస్తాయి. గొలుసు ఎక్కడో ఒక చోట మొదలవ్వాలి కదా. తెలుగు అక్షరాల దగ్గరే ఆ నియమం చెడింది.

ఫ్రీటైప్ తెరిచిన ఫాంటుతో పనిచేయడానికి హార్ఫ్‌బజ్‌కు ఫ్రీటైప్ కావాలి. 2013 నుంచి ఫ్రీటైప్‌కు కూడా హార్ఫ్‌బజ్ అవసరం పడింది. చిన్న సైజులో అక్షరాల అంచులు దానంతట అది చక్కదిద్దాలంటే, ఏ ఆకారం ఏ లిపికి చెందిందో హార్ఫ్‌బజ్‌ను అడిగి తెలుసుకుంటుంది. అంటే ఫ్రీటైప్ లేకుండా హార్ఫ్‌బజ్ పూర్తిగా కట్టలేం, హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్ పూర్తిగా కట్టలేం.

బియాండ్ లినక్స్ ఫ్రం స్క్రాచ్ అనే చేతిపుస్తకం దీనికి చెప్పే ఉపాయం నాకెంతో ఇష్టం. మొదట హార్ఫ్‌బజ్ ఊసు లేకుండా ఫ్రీటైప్ కట్టండి. ఆ సగం ఫ్రీటైప్‌తో హార్ఫ్‌బజ్ కట్టండి. ఇప్పుడు వెనక్కి వెళ్లి, హార్ఫ్‌బజ్ సాయంతో ఫ్రీటైప్‌ను మళ్లీ కట్టండి. మూడో మెట్టు మరిచిపోయినా ఏదీ ఆగదు, అక్షరాల అంచులు కాస్త మొద్దుగా ఉంటాయి, అంతే. సిద్ధ ప్యాకేజీలు పంచేవారు ఈ చిక్కును మన కంట పడకుండా తమ దగ్గరే విప్పుకుంటారు. వాళ్లు చేసే పనిలో ఎక్కువ భాగం ఇలాంటిదే.

గొలుసు అడుగున కదలిక వస్తే పైదాకా పాకుతుంది. అక్షరమాలల లెక్కలు చూసే ఐసీయూ అనే లైబ్రరీకి పెద్ద మార్పు వచ్చిందనుకోండి. దాని మీద నిలిచిన ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం మారకపోయినా, అన్నింటినీ మళ్లీ కంపైల్ చేయాలి. ఫ్రీబీఎస్‌డీలో దీనికోసం ఆయా మేక్‌ఫైళ్లలో పోర్ట్‌రివిజన్ అనే అంకెను ఒకటి పెంచుతారు. చేసే సవరణ ఒక్క అంకె. దాని వెనక కట్టే యంత్రాలకు బోలెడంత పని.

ఫిర్యాదు చేయని లోపం

కట్టేటప్పుడు చాలా ప్రోగ్రాములు ఒక మర్యాద పాటిస్తాయి: ఫలానా లైబ్రరీ ఈ కంప్యూటర్‌లో దొరికితే వాడుకుంటాను, లేకుంటే అది లేకుండానే సర్దుకుంటాను. ఇమేజ్‌మ్యాజిక్ కూడా అంతే. లిబ్‌రాక్మ్ కనబడకపోతే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు. వందల వరుసల్లో ఒక చోట "లేదు" అని పడుతుంది, పని ముందుకు సాగుతుంది. పైథాన్‌లో బొమ్మలకు వాడే పిల్లో సంగతీ ఇదే. 2021లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి దాని సిద్ధ ప్యాకేజీల్లో రాక్మ్‌ను కలిపే ఇస్తున్నారు. అయినా ఫ్రిబిడి అనే ఇంకో లైబ్రరీ కంప్యూటర్‌లో దొరక్కపోతే, పిల్లో చప్పుడు లేకుండా మామూలు పద్ధతికి దిగిపోతుంది. ప్రోగ్రాము ఆగదు, తప్పు చూపించదు, బొమ్మ వస్తుంది. దాంట్లో జమ్మలమడుగు విరిగి ఉంటుంది.

ఈ మర్యాదను నేను మంచి అలవాటుగా ఒప్పుకోను. ఇంగ్లీషుకు రాక్మ్ ఒక అదనపు సౌకర్యం, ఉన్నా లేకపోయినా ఒకటే. తెలుగుకు, హిందీకి, అరబ్బీకి ఇది ప్రాణాధారం. కట్టేవాడు ఆ భాష చదవలేనప్పుడు, లోపం ఉందని అతనికి చెప్పేది యంత్రం ఒక్కటే. అది కూడా మౌనంగా ఉంటే చెప్పేవారే లేరు.

ఈ మర్యాదకు ఇంకో వైపు కూడా ఉంది. కడుతున్న కంప్యూటర్‌లో ఎప్పుడో పెట్టుకున్న లైబ్రరీ కనబడితే, మేక్‌ఫైల్ అడగకపోయినా ప్రోగ్రాము దాన్ని లోపలికి లాగేసుకుంటుంది. ఆ ప్యాకేజీని ఇంకొకరి కంప్యూటర్‌కు తీసుకెళ్తే, అక్కడ ఆ లైబ్రరీ లేక నడవనే నడవదు. అందుకే ప్యాకేజీలు పంచేవారు ప్రతిసారీ ఖాళీ గదిలో కడతారు. ఫ్రీబీఎస్‌డీలో పూద్రియేర్ అనే పనిముట్టు ప్రతి పోర్టుకూ కొత్తగా, ఏమీ లేని ఒక చిన్న వ్యవస్థను సృష్టిస్తుంది. మేక్‌ఫైల్‌లో రాసినవి మాత్రమే అందులోకి తెచ్చి, కట్టాక ఆ గదిని చెరిపేస్తుంది. డెబియన్‌లో ఎస్‌బిల్డ్ చేసే పనీ అదే. రాసినది ఒకటి, వాడినది ఒకటి కాకుండా ఉండాలంటే దీన్ని మించిన దారి లేదు.

ఒక "జ్ఞా", వేల ఫోన్లు

ఒకే లైబ్రరీని అన్ని ప్రోగ్రాములూ పంచుకోవడం మంచిదా? 2018 ఫిబ్రవరిలో తెలుగే దీనికి పరీక్ష పెట్టింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, చివర ఆకారం అనే వరుస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ మూతపడేది. మామూలుగా రాసే "జ్ఞానం"తో ఏ ఇబ్బందీ లేదు. మధ్యలో ఆ కనబడని గుర్తు ఉంటేనే తంటా. వాట్సాప్ ఆగింది, మెసేజెస్ ఆగింది, యూనిక్స్ కుటుంబానికే చెందిన మ్యాక్ కంప్యూటర్లలోనూ యాప్‌లు ఆగాయి. ఆ యాప్‌లు రాసినవారిలో ఎవరి కోడ్‌లోనూ తప్పు లేదు. అక్షరాల్ని కూర్చే కోర్‌టెక్స్ట్ అనే లైబ్రరీలో ఉంది తప్పు.

పంచుకోవడం వల్లే అన్నీ ఒకేసారి పడిపోయాయి. పంచుకోవడం వల్లే ఫిబ్రవరి 19న యాపిల్ ఒక్క సవరణ విడుదల చేయగానే అన్నీ ఒకేసారి లేచాయి. ప్రతి యాప్ తన సొంత ప్రతిని జేబులో పెట్టుకుని ఉంటే, ప్రతి యాప్ కోసం వేరుగా ఎదురుచూడాల్సి వచ్చేది. లైబ్రరీని ప్రతి ప్రోగ్రాములోనూ విడిగా దాచుకోవద్దని డెబియన్‌లో ప్యాకేజీలు చూసుకునే మెయింటైనర్లు పట్టుబట్టడానికి కారణం ఇదే.

చెక్‌సమ్ సరిపోయింది, సరుకు చెడింది

చెక్‌సమ్ చెప్పేది ఒక్కటే: పోర్టు రాసినవారు చూసిన పొట్లమే మీకూ వచ్చింది. ఆ పొట్లమే చెడ్డదైతే? నగ మీద హాల్‌మార్క్ అసలైనదే, కానీ ముద్ర వేసే చోటే మోసం జరిగితే ఎలా ఉంటుందో 2024లో చూశాం.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాము, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. ఏళ్లపాటు ఒక్క వ్యక్తి, తీరిక దొరికినప్పుడల్లా దాన్ని చూసుకుంటూ వచ్చారు. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయం మొదలుపెట్టారు, క్రమంగా నమ్మకం సంపాదించి సహ నిర్వాహకులయ్యారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో విషం కలిపారు. కలిపిన తీరు చూడండి. అందరూ చదివే సోర్స్ చరిత్రలో దాన్ని రగిలించే వరుసలు లేవు. విడుదల కోసం కట్టిన పొట్లంలోని ఒక అమరిక ఫైలులో మాత్రమే ఉన్నాయి. అసలు సరుకును పరీక్షల కోసం పెట్టిన, చెడిపోయినట్టు కనిపించే ఫైళ్లలో దాచారు. డెబియన్ తరహా లేదా రెడ్‌హ్యాట్ తరహా ప్యాకేజీ కడుతున్నప్పుడే అది మేల్కొనేది. ఇంట్లో ఊరికే కట్టి చూసినవారికి ఏమీ కనబడదు. ప్యాకేజీలు కట్టే యంత్రాలనే గురిపెట్టిన దాడి ఇది.

దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. డెబియన్ అస్థిర వెర్షన్ మీద వేరే పని చేస్తుండగా, దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఆ అర సెకను ఎక్కడికి పోతోందో తవ్వుకుంటూ వెళ్లి, మార్చి 29న లోకానికి చెప్పారు. స్థిరమైన డెబియన్‌లోకి అది అప్పటికింకా చేరలేదు.

ప్యాకేజీలు కట్టే చోట జరిగే మోసాలకు జవాబుగా కొన్నేళ్లుగా సాగుతున్న పని ఒకటుంది. ఒకే సోర్స్‌ను ఇద్దరు వేర్వేరు చోట్ల కడితే వచ్చే ప్యాకేజీ చివరి అక్షరం వరకు ఒకేలా ఉండాలి. డెబియన్‌లో 2013లో మొదలైన ఈ ప్రయత్నంలో, కట్టిన తేదీ, ఫోల్డర్ పేరు లాంటివి ప్యాకేజీలోకి దూరకుండా ఒక్కొక్కటిగా ఏరేస్తున్నారు. ఎక్స్‌జెడ్ లాంటి మోసాన్ని ఇదొక్కటే ఆపలేదు, ఎందుకంటే అక్కడ పొట్లమే కలుషితం. అందుకే ఇప్పుడు చాలామంది విడుదల పొట్లాన్ని వదిలి, నేరుగా సోర్స్ చరిత్ర నుంచే కట్టడానికి మొగ్గు చూపుతున్నారు.

పెద్దన, పోతన రిపాజిటరీలో

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. వాటిలో మన ఫాంట్లు కూడా ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఒక ప్యాకేజీగా, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన పెద్దన, ధూర్జటి, తిమ్మన, గిడుగు, మండలి వగైరా తెలుగువిజయం పేరుతో ఇంకో ప్యాకేజీగా దొరుకుతాయి. కడప జిల్లా కోకటం అగ్రహారంతో ముడిపడిన పెద్దన పేరు, ఎక్కడో జర్మనీలో డెబియన్ వాడేవారికి ఒక్క ఆదేశంతో అందుతోందంటే దానికి కారణం అందం కాదు, లైసెన్సు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని రాసి ఇచ్చారు. మన డీటీపీ సెంటర్లలో పెళ్లి శుభలేఖలకు వాడే ఎన్నో చక్కటి ఫాంట్లకు ఆ మాట లేదు. అందుకని ఎంత అందంగా ఉన్నా వాటిని రిపాజిటరీ గడప దాటనివ్వరు.

హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టంను తయారుచేసినప్పుడు డెబియన్‌నే పునాదిగా ఎంచుకుంది. అన్నీ మొదటి నుంచి కట్టుకోనక్కర్లేదు, తెలుగుకు కావలసినవి సరిచేసి చేర్చుకుంటే చాలు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, ప్రొద్దుటూరు, పులివెందుల ఇంజినీరింగ్ కళాశాలల్లోనో చదివేవారికి ఇక్కడ చేయదగ్గ పని చాలా ఉంది. దానికి పెద్ద కోడ్ రాయక్కర్లేదు. తెలుగు చదవగలగడమే ఇక్కడ అరుదైన నైపుణ్యం.

ఒత్తు జారిన ప్రోగ్రాము కనబడితే, నాలుగు వివరాలు పోగేయండి: మీరిచ్చిన మాట, వచ్చిన బొమ్మ, రావలసిన బొమ్మ, ప్రోగ్రాము తాను ఏయే లైబ్రరీలతో కట్టబడిందో చెప్పే ఆ ఒక్క వరుస. డెబియన్‌లో రిపోర్ట్‌బగ్ అనే పనిముట్టు వీటిని మెయింటైనర్‌కు చేరుస్తుంది. ఫ్రీబీఎస్‌డీలోనైతే ప్రతి పోర్టు మేక్‌ఫైల్ మొదట్లోనే మెయింటైనర్ అనే వరుసలో ఈమెయిలు ఉంటుంది. అక్కడ వ్యక్తి చిరునామా కాకుండా పోర్ట్స్ ఉమ్మడి జాబితా చిరునామా ఉంటే, ఆ పోర్టును ప్రస్తుతం చూసుకునేవారెవరూ లేరని అర్థం. కావాలనుకున్నవారు అడిగి తీసుకోవచ్చు.